మన దారి కానోళ్ళు మన దగ్గరికొస్తే



పోయిన పాఠంలో కల్యాణమిత్రుడు అంటే ఎవరో చదువుకున్నం. మంచి దారి చూపేటోడు, చెడు నుంచి ఆపేటోడు, కష్టంలో పక్కన నిలబడేటోడు. పాఠం అయిపోయినాక ఒక చెల్లె లేచి అడిగింది: "అక్కా, మన తీరుగ ఆలోచించేటోళ్ళకైతే సలహా చెప్పొచ్చు. మనం ఏది వద్దని వదిలిపెట్టి వచ్చినమో, దాన్నే పట్టుకొని ఉన్నోళ్ళు వస్తే ఏం చెప్పాలె?" ఆ రోజు నేను ఏదో నాలుగు మాటలు చెప్పి తప్పించుకున్న. ఈ పాఠం ఆ చెల్లె ప్రశ్నకే.

సిద్దిపేటలో మన ఆదివారం వందన అయిపోయి, పువ్వులు సర్ది, చాపలు చుట్టేసినాక కూడా కొందరు ఇంటికి పోరు. గోడకు ఆనుకొని కూసుంటరు. ఒకరికి భర్త తాగుడు, ఒకరికి కొడుకు చదువు, ఒకరికి అప్పు, ఇంకొకరికి పెండ్లి సంబంధం. వీళ్ళల్ల సగం మంది బౌద్ధులు కాదు. కొమురవెల్లి మల్లన్న బండారి నొసట పెట్టుకొని వస్తరు. శుక్రవారం ఒక్కపొద్దు ఉండేటోళ్ళున్నరు. మన కులం కానోళ్ళు కూడా వస్తున్నరు. వాళ్ళు ధమ్మం కోసం రారు. దవాఖానకు తోడు వస్తరని, పోలీస్ స్టేషన్‌లో భయపడకుండ మాట్లాడుతరని, కాగితం రాసి పెడతరని వస్తరు. పట్నాలల్ల దీన్ని కౌన్సెలింగ్ అంటరు, పైసలు తీసుకుంటరు. మనకు పైసలు లేవు గని పని మాత్రం అదే. ఎదుటి మనిషి బతుకు మీద మాట చెప్పే పని. తప్పు చెప్తే ఏమైతదో ముందుగాల నా సంగతే చెప్త. (ఈ పాఠంలో చెప్పిన మనుషుల గుర్తులు తెలియకుండ ఊర్లు, వివరాలు మార్చిన.)

కొన్నేండ్ల కింద ఒక చెల్లె తన భర్తను తోల్కొచ్చింది. ఆయన మేస్త్రీ పని చేస్తడు. పొద్దున లేస్తనే కల్లు, రాత్రికి చీప్ లిక్కర్, పదిహేనేండ్ల సంది అదే. "ఎట్లన్న మాన్పియ్యి అక్కా" అన్నది. మా నాయిన తాగి తాగి పోయిండు. అందుకే తాగేటోళ్ళను చూస్తే నాకు నెత్తురు మరుగుతది. ఆ రోజు నా ఎదురుంగ కూసున్నది ఆ మేస్త్రీ కాదు, మా నాయిన. బుద్ధుని పటం, బాబాసాహెబ్ పటం ముందర కూసోబెట్టి ఐదో శీలం చెప్పించిన. ఇయ్యాల్టి నుంచి చుక్క ముట్టనని ఒట్టు పెట్టించిన. ఆయన తల ఊపిండు. నేను ఒక మనిషిని బాగు చేసిన అని సంబరపడ్డ.

మూడో రోజు రాత్రి ఆ చెల్లె ఫోన్ చేసి ఏడ్చింది. చేతులు కాళ్ళు వణుకుతున్నయి, మనుషులను గుర్తు పడ్తలేడు, గోడ మీద పురుగులున్నయని గీరుతున్నడు, ఫిట్స్ కూడా వచ్చినయి. ఆటోలో ఏసుకొని దవాఖానకు పోయినం. డాక్టర్ అడిగిన మొదటి మాట: "ఒక్కసారే మానెయ్యమని ఎవరు చెప్పిండ్రు?" ఏండ్ల తరబడి రోజూ బాగ తాగే మనిషి ఒక్కసారి ఆపేస్తే రెండు మూడు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, పాణం కూడా పోవచ్చు. అసుంటోళ్ళను డాక్టర్ చూపులో, మందులిచ్చి మాన్పించాలె. ఈ సంగతి నాకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. నా దగ్గర శీలం ఉంది, అది సరిపోతది అనుకున్న.

కల్తీ కల్లుది ఇంకో మోసం. అందులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం కలుపుతరు. అవి మత్తు మందులు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి దొరకకుండ పోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో ఎంతోమంది పిచ్చిగ ప్రవర్తించి దవాఖానల పాలైన సంగతి పెద్దోళ్ళకు యాదికుండాలె. అందుకని తాగుడు మానుతనని ఎవరన్న మీ దగ్గరికొస్తే ఒట్టు కంటె ముందు దవాఖాన. ఎక్కడికి పోవాల్నో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడుతరు.

ఆ మేస్త్రీ బతికిండు. తర్వాత తాగుడు తగ్గించిండు గని పూరా మానలేదు. నా దగ్గరికి మాత్రం మళ్ళ రాలేదు. నా నోటి నుంచి వచ్చింది శీలమే, అందులో తప్పు లేదు. కని ఆ మాట ఆయన కోసం చెప్పింది కాదు, మా నాయిన మీద నాకున్న కోపం తీర్చుకోనికి చెప్పింది.

అప్పటి సంది పంచశీల చెప్పేటప్పుడు ఒక పదం దగ్గర నేను ఆగుత. 'సమాదియామి'. నేను స్వీకరిస్తున్నాను అని దాని అర్థం. "నీతోని చేయిస్తున్న" అని కాదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞలు కూడా అంతే. అన్నీ "నేను" అని మొదలైతయి. నేను ఫలానా దేవుణ్ణి మొక్కను, నేను శ్రాద్ధం పెట్టను, నేను మత్తు తాగను. వీటిల్ల ఒక్కటి కూడా పక్కింటోని మీద వేసేది కాదు. ప్రతిజ్ఞ చేసినోళ్ళం మనం, అవి మనల్ని కట్టేస్తయి. గోడకు ఆనుకొని కూసున్న మనిషి ఏ ప్రతిజ్ఞా చేయలేదు.

అట్లని ఆ మనిషికి చెప్పేది ఏమీ లేదా అంటే, ఉంది. బుద్ధుడు ఎట్ల చెప్పిండో చూద్దాం. సిగాలుని కథ మనలో చాలామందికి తెలుసు. రాజగృహంలో ఒక యువకుడు పొద్దున్నే తలంటుకొని, తడిబట్టలతో ఆరు దిక్కులకు మొక్కుతున్నడు. ఎందుకని అడిగితే, మా నాయిన చనిపోయేటప్పుడు చెప్పిండు, అందుకే చేస్తున్న అన్నడు. మనమైతే ఏం చేస్తుంటిమి? దిక్కులకు మొక్కుడేంది, మూఢనమ్మకం అని అప్పుడే పాఠం మొదలువెడ్తుంటిమి. బుద్ధుడు ఆ పిల్లగాని చేతిలోంచి దిక్కులను గుంజుకోలేదు. దిక్కులకు మొక్కాల్సింది ఇట్ల కాదు అని, తూర్పు అంటే తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యా పిల్లలు, ఉత్తరం స్నేహితులు, కింద దిక్కు పనివాళ్ళు, పై దిక్కు శ్రమణులు అని చెప్పాడు. చచ్చిపోయిన తండ్రి మాట ఆ పిల్లగానికి ఎంత బరువైనదో చూసి, ఆ బరువుకు పని చెప్పాడు. పనివాళ్ళకు శక్తికి మించిన పని చెప్పొద్దని, కూడు, కూలి సరిగ్గ ఇవ్వాలని, జబ్బు చేస్తే చూసుకోవాలని అదే పాఠంలో వస్తది. దిక్కుల మొక్కు కాస్తా కూలోళ్ళ హక్కు దాకా వచ్చింది.

ఈ కథ నాకు ఒక అవ్వ దగ్గర అక్కరకొచ్చింది. అవ్వ కొడుక్కు టీబీ. కోడలు మనతోని దీక్ష తీసుకున్న పిల్ల. కొడుకు బాగైతే కొమురవెల్లికి పోయి పట్నం వేయిస్తనని అవ్వ మొక్కుకున్నది. కోడలు ఒప్పుకోలేదు. ఇద్దరికీ మాటల్లేవు. ఈ కొట్లాటల పడి ఆయన గోలీలు వేసుకుంటున్నడా లేడా చూసేటోళ్ళే లేరు. రెండు నెలలకు దగ్గు తగ్గంగనే ఆయన గోలీలు ఆపేసిండు. టీబీకి ఆరు నెలలు మధ్యల ఆపకుండ వాడాలె, ఆపితే రోగం మొండికేసి మందులకు లొంగకుండ పోతది. ఇద్దరూ ఒకే ఆదివారం వచ్చిండ్రు, ఒకరి మీద ఒకరు చెప్పనీకి. కోడలు నా దిక్కు చూసిన చూపు నాకు తెలుసు. నువ్వు నా దిక్కే మాట్లాడాలె అక్కా అని.

నేను మల్లన్న మాటే ఎత్తలేదు. "అవ్వా, కొడుకు గోలీలు ఎన్ని రోజులు వేసుకోవాల్నో తెలుసా?" అని అడిగిన. తెలియదన్నది. ఆరు నెలలని చెప్పిన. అవ్వ కొద్దిసేపు ఊకున్నది. తర్వాత ఆమెనే అన్నది: "అయితే బిడ్డా, ఆరు నెలలైనంకనే పోత. నడుమల గోలీ తప్పితే మొక్కు చెల్లది." ఆ రోజు నుంచి గోలీల డబ్బా అవ్వ చేతికి పోయింది. పొద్దున్నే కొడుకు నోట్లె గోలీ పడ్డదాక చాయ్ ఇయ్యలేదట. సర్కారు దవాఖాన అక్క మళ్ళ మొదటి నుంచి మందులు మొదలువెట్టింది, కోర్సు పూర్తయింది. అవ్వ కొమురవెల్లి పోయింది. కోడలు పోలేదు. రెండూ జరిగినయి.

మన సభ్యుల్లో ఇద్దరు ముగ్గురు నా మీద గరమైండ్రు. మొక్కును నువ్వు బలపరిచినవు అన్నరు. నేను ఆ మాట కొట్టిపారెయ్యను. అవ్వ "నువ్వు కూడా మల్లన్నకు దండం పెట్టు బిడ్డా" అని ఉంటే నేను పెట్టేదాన్ని కాదు. ప్రసాదం తెచ్చిస్తే నేను తీసుకోలేదు, నొచ్చుకోకుండ చెప్పిన: "అవ్వా, నేను ప్రతిజ్ఞ చేసిన, తినను. కని నువ్వు యాది పెట్టుకొని తెచ్చినందుకు సంతోషం." నా నియమం నేను దాచిపెట్టలేదు. దాచిపెట్టి సలహా చెప్పుడు మోసం అయితది. మనం ఏం నమ్ముతమో వాళ్ళకు తెలిసుండాలె. గోడ మీద పటాలున్నయి గాబట్టి సగం చెప్పినట్టే.

ఇంకో పొరపాటు మన దాంట్ల ఎక్కువుంది. సాయం చేసినాక మెల్లగ దీక్ష మాట తీస్తం. "చూసినవా, మేము తప్ప ఎవరు వచ్చిండ్రు, ఇగ ఇటు రా." దవాఖాన మంచం మీద ఉన్నోన్ని మతం మార్చే వాళ్ళను చూసి మనమే తిడ్తం కదా. నాలందాలో ఉపాలి అనే పెద్ద గృహస్థు నిగంఠుల శిష్యుడు. బుద్ధునితో వాదం గెలుద్దామని వచ్చి, వాదంలో మనసు మారి, మీ శరణు తీసుకుంట అన్నడు. ఎంత పెద్ద మనిషి చేతికి దొరికిండు! బుద్ధుడు తొందరపడలేదు. నీ లాంటి పేరున్న మనిషి బాగా విచారించి చేయాలె అన్నాడు. అంతేకాదు, నీ ఇల్లు ఇన్నాళ్ళు నిగంఠులకు నీళ్ళ చెలిమె లెక్క ఉంది, వాళ్ళు వస్తే భిక్ష పెట్టుడు ఆపకు అని కూడా చెప్పాడు. వైశాలిలో సీహ సేనాని వచ్చినప్పుడు కూడా ఇదే మాట. మన దగ్గరికి వచ్చిన మనిషిని వాళ్ళ మనుషుల నుంచి తెంపొద్దు. తెంపితే రేపు కష్టం వచ్చిననాడు ఆ మనిషికి ఎవరుంటరు?

ఇక్కడిదాక విన్నోళ్ళు అనొచ్చు, అయితే ఎవలు ఏం చేసినా సరే అనాల్నా అని. అది ఇంకో గొయ్యి. సిగాలునికి చెప్పిన పాఠంలోనే దొంగ స్నేహితుల లెక్క కూడా ఉంది. వాళ్ళల్ల ఒకడు తియ్యగ మాట్లాడేటోడు. నువ్వు చెడు చేస్తనంటే సరే అంటడు, మంచి చేస్తనంటే సరే అంటడు, ముఖం మీద పొగుడుతడు, వెనుక తిడ్తడు. "వాళ్ళ విలువలు వాళ్ళయి, మనకెందుకు" అని ఊకుండేటోనికి, ఈ దొంగ స్నేహితునికి నాకైతే పెద్ద తేడా కనవడది.

మరి ఎక్కడ సరే అనాలె, ఎక్కడ కాదనాలె? దీనికి నా దగ్గర కొలబద్ద లేదు. రెండు సంగతులు చెప్త, మీరే చూడండి.

మా దగ్గరి ఊరి గౌడన్న ఒకాయన వచ్చిండు. తాళ్ళెక్కుతడు. కల్లుగీత కార్మికుల కోసం ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం అని కిట్లు ఇచ్చుడు మొదలుపెట్టింది. చెట్టు మీది నుంచి జారినా కింద పడకుండ పట్టుకునే తాళ్ళు, బెల్టులు అందులో ఉంటయి. దాని కోసం, ట్రైనింగ్ కోసం కాగితాలు రాయించుకోనికి వచ్చిండు. మన తమ్ముడొకడు నన్ను పక్కకు పిలిచి, "అక్కా, కల్లు తీసేటోనికి మనం పని చేసి పెడ్తమా? ఐదో శీలం ఏమాయె? ఆ కిట్టు పేరు కూడా దేవుని పేరే" అన్నడు. ప్రశ్న మంచిదే. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం, ఈ ఐదు వ్యాపారాలు ఉపాసకుడు చేయొద్దని బుద్ధుడు చెప్పిన మాట నిజమే. అది ఉపాసకునికి చెప్పింది. గౌడన్న ఉపాసకుడు కాదు. చెట్టు మీది నుంచి పడితే విరిగేది ఆయన నడుము, ఆగమయ్యేది ఆయన పిల్లలు. నేను కాగితాలు రాసి పెట్టిన. "అన్నా, పిల్లలను ఏం చదివిస్తున్నవ్" అని అడిగిన. తాళ్ళు వాళ్ళ తరానికి వద్దు అని ఆయననే అన్నడు.

ఇంకొకడు వచ్చిండు. కల్లు దుకాణం నడిపిస్తడు, కల్తీ కేసు అయింది. మీకు ఆఫీసర్లు తెలుసు గద, ఒక మాట చెప్పుండ్రి అని అడిగిండు. నేను చెప్పను అన్న. మళ్ళ అడిగిండు. మళ్ళ చెప్పను అన్న. మూడోసారి, "నా పని అంత పాడు పనా?" అన్నడు. అప్పుడు చెప్పిన. నువ్వు కలిపే మందు తాగి పిచ్చోళ్ళైనోళ్ళ పెండ్లాలు ఆదివారం ఇక్కడనే కూసుంటరు, నీకోసం మాట చెప్తే వాళ్ళ మొఖం ఎట్ల చూస్త అని. కోపంతో పోయిండు. తలపుటుడు అనే నటుల పెద్ద బుద్ధుణ్ణి తన వృత్తి ఫలం గురించి అడిగినప్పుడు రెండుసార్లు వద్దు అడగకు అని, మూడోసారి ఉన్నమాట చెప్పిన కథ ఉంది. తలపుటుడు ఏడ్చిండు. మీ మాటకు ఏడ్వలేదు, ఇన్నాళ్ళు మా గురువులు నన్ను మోసం చేసినందుకు ఏడుస్తున్న అన్నడు. నా దగ్గరికి వచ్చినాయన ఏడ్వలేదు. కథలో జరిగినట్టు అన్నిసార్లు జరగదు.

తాళ్ళెక్కే మనిషికి, కల్తీ కలిపే మనిషికి ఇద్దరికీ కల్లే బతుకుదెరువు. ఒకాయన తన పాణం కాపాడమని వచ్చిండు, ఇంకొకడు ఇతరుల పాణం తీసే పనికి అడ్డం లేకుండ చేయమని వచ్చిండు. బతుకుదెరువు సంగతి వచ్చింది గాబట్టి కూటదంతుని కథ కూడా యాది చేసుకోవాలె. యజ్ఞం కోసం ఏడు వందల ఎడ్లను, మేకలను, గొర్రెలను కట్టేసి, యజ్ఞం ఎట్ల చేయాల్నో చెప్పమని బుద్ధుని దగ్గరికే వచ్చిన బ్రాహ్మణుడు ఆయన. జంతుబలి వద్దనేటోణ్ణే జంతుబలికి సలహా అడిగిండు! బుద్ధుడు తిట్టలేదు. పూర్వం ఒక రాజు ఉండె అని మొదలువెట్టి, రాజ్యంలో దొంగతనాలు పోవాలంటే శిక్షలు కాదు, రైతుకు విత్తనం, పశువుకు మేత, వ్యాపారికి పెట్టుబడి, కొలువు చేసేటోనికి జీతం ఇవ్వమని పురోహితుడు చెప్పిన కథ చెప్పాడు. వినే వరకే కూటదంతుడు కట్టేసిన జంతువులను ఇడిసిపెట్టిండు.

మాట ఎప్పుడు చెప్పాలె అన్నదానికి అభయ రాజకుమారునికి చెప్పిన సంగతి నాకు అన్నిటికంటె దగ్గరనిపిస్తది. ఆయన ఒళ్ళో పసిపిల్లగాడు ఉన్నడు. ఈ పిల్లగాడు పుల్లనో రాయినో నోట్లె పెట్టుకుంటే ఏం చేస్తవు అని బుద్ధుడు అడిగాడు. తీస్త, ఒక చేత్తో తల పట్టుకొని, వేలు వంచి, నెత్తురు వచ్చినా సరే తీస్త, పిల్లగాని మీద కరుణ ఉంది గాబట్టి అన్నడు. ఎదుటోళ్ళకు రుచించని మాటైనా, అది నిజమైతే, మేలు చేసేదైతే, సమయం చూసి చెప్తనని బుద్ధుడు అన్నాడు. మనం నిజం ఒక్కటే చూస్తం. మేలు, సమయం మరిచిపోతం. మేస్త్రీ సంగతిల నేను చేసింది అదే. ఒళ్ళో పిల్లగాడు ఉన్నప్పుడే వేలు పెట్టాలె. రోడ్డు మీద పోయే పిల్లగాని నోట్లె వేలు పెడితే కొరుకుతడు.

ఇప్పటి వరకు చెప్పినవి తేలిక సంగతులే. మల్లన్నకు మొక్కే అవ్వ మన అవ్వనే. మనల్ని తక్కువగ చూసేటోళ్ళు వచ్చినప్పుడు అసలు పరీక్ష.

నేను సాయంత్రాలు పోటీ పరీక్షల పిల్లలకు రాజ్యాంగం, చరిత్ర ఉచితంగ చెప్త. ఒక పెద్ద రైతు కొడుకును తీసుకొని వచ్చిండు. గేటు బయటనే నిలబడ్డడు. నీళ్ళిస్తే "ఇప్పుడే తాగి వచ్చిన" అన్నడు. నాకంటె చిన్నోడే, నన్ను "నువ్వు" అన్నడు. మా పిల్లలకు కోపం వచ్చింది, నాకు వాళ్ళకంటె ఎక్కువ వచ్చింది. అయినా ఆ పిల్లగాణ్ణి చేర్చుకున్న. నా మంచితనం అని అనుకోకుండ్రి. ఆర్టికల్ 17 అంటరానితనాన్ని రద్దు చేసిందని ఈ పిల్లగాడు నా నోటి నుంచే వినాలె అన్న పంతం కూడా ఉంది. అంబేద్కరైట్లం కదా అని ఓపిక మొత్తం మన నెత్తిన వేసుకునే పని లేదు. చెప్పలేనంత కోపం వస్తుంటే ఆ మనిషిని ఇంకొక అక్క దగ్గరికి పంపుడు కూడా ధమ్మమే. కోపంతో చెప్పిన సలహా ఎవలకూ మంచిది కాదు.

ఇక్కడ బాబాసాహెబ్‌ను తలచుకుంట. 1935 అక్టోబర్ 13న యేవలాలో, హిందువుగ చావను అని ప్రకటించిన మనిషి. న్యాయ మంత్రి అయినాక అదే మనిషి హిందూ కోడ్ బిల్లు కోసం ఆరోగ్యం పాడు చేసుకున్నరు. హిందూ ఆడోళ్ళకు ఆస్తి హక్కు, విడాకుల హక్కు, ఒకే పెండ్లి నియమం కోసం. బిల్లు ముందుకు పోనియ్యకపోవుడు 1951 సెప్టెంబర్‌లో ఆయన రాజీనామాకు పెద్ద కారణం. తర్వాత 1955, 56లో ముక్కలు ముక్కలుగ నాలుగు చట్టాలైనయి. ఆయన ఆ ఆడోళ్ళ దేవుళ్ళను నమ్మలేదు. వాళ్ళను ముందు బౌద్ధులు కమ్మని కూడా అడగలేదు. అట్లని శాస్త్రాలు ఏం చెప్తే అదే రాసిచ్చింది లేదు.

ఆ రైతు మళ్ళొకసారి వచ్చిండు. ఈసారి గేటు దాటి లోపలికి వచ్చిండు. ఆయన పెద్ద బిడ్డ మన కులం పిల్లగాణ్ణి ఇష్టపడ్డది. "నీ మాట వింటది, నువ్వే నచ్చజెప్పి మాన్పియ్యాలె" అన్నడు. నేను ఒప్పుకోలేదు. మీ బిడ్డ నా దగ్గరికి తనంత తాను వస్తే ఆమె చెప్పేది వింట, మీరు చెప్పమన్నది చెప్పను అన్న. ఇద్దరూ మేజర్లు, ఆమె మీద చేయి పడ్డదని తెలిస్తే పోలీసులకు నేనే చెప్త అని మొఖం మీదనే చెప్పిన. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో ప్రణయ్‌ను దవాఖాన ముందర, కడుపుతోని ఉన్న భార్య కండ్ల ముందర నరికించిన సంగతి మనలో ఎవరం మరిచిపోలేదు. ఇసుంటి చోట "మీ విలువలు మీయి" అని ఊకునే పని లేదు. కులం ఒక అభిప్రాయం కాదు.

ఆ బిడ్డ రెండు వారాలకు వచ్చింది. గోడకు ఆనుకొని కూసున్నది. అందరూ పోయినాక మెల్లగ అన్నది: "అక్కా, నాకు ఇష్టమే. కని నాయినను, అమ్మను ఇడిసిపెట్టి నేను బతకలేను. వాళ్ళు చెప్పిన సంబంధమే చేసుకుంట."

బంధువులారా, ఆ క్షణం నా గుండెలో ఏమైందో చెప్పాలె. 1936లో అచ్చయిన 'కుల నిర్మూలన'లో కులాంతర వివాహమే అసలు మందు అని బాబాసాహెబ్ రాసింది నాకు కంఠస్థం. ఇదిగో, ఎదురుంగనే ఒక పెండ్లి కూలిపోతున్నది. నేను రెండు మాటలు గట్టిగ చెప్తే నిలబడతదేమో. ఆ పిల్లగాడు మనోడు, అతని తల్లి నాకు ఒదిన వరుస. మాటలు నాలుక చివరిదాక వచ్చినయి. అప్పుడు మేస్త్రీ యాదికొచ్చిండు. నేను ఈమె కోసం చెప్తున్ననా, నా కోసం చెప్తున్ననా? ఆమె నాయిన ఆమె బతుకును తన కులం కోసం వాడుకుంటున్నడు. నేను నా ఉద్యమం కోసం వాడుకుంటే ఆమెకు ఏం తేడా? రేపు ఆమెకు దెబ్బ తగిలితే, నేను కాపలా ఉండగల్నా?

ప్రశ్నలే అడిగిన. నిన్ను ఎవరన్న కొట్టిండ్రా? లేదన్నది. ఫోన్ గుంజుకున్నరా? కొన్ని రోజులు గుంజుకొని మళ్ళ ఇచ్చిండ్రట. ఇది నీ నిర్ణయమా, భయమా? చానాసేపు మాట్లాడలేదు. "రెండూ ఉన్నయి" అన్నది. తొందర ఉందా అంటే, నాయినకు తొందర, నాకు లేదు, చదువు అయిపోయేదాక ఆగితే బాగుండు అన్నది. ఆ ఒక్కటి ఆమె స్వంత మాట లెక్క వినిపించింది. చదువు అయిపోయేదాక ఏ సంబంధమూ వద్దని ఇంట్ల ఎట్ల చెప్పాల్నో ఇద్దరం కూసొని ఆలోచించినం. 181 నంబరు పేరు మార్చి ఆమె ఫోన్‌లో రాసి పెట్టినం. అట్లనే నా మనసులో ఉన్నది కూడా దాచలేదు: "నేను కులం పోవాలని కోరుకునే మనిషిని. మీ పెండ్లి జరిగితే సంతోషపడ్త. కని బతికేది నువ్వు."

మా ఒదిన ఇప్పటికీ నాతోని సరిగ్గ మాట్లాడదు. ఒక్క మాట గట్టిగ చెప్తే ఏమైతుండె అని ఆమె బాధ. ఆ బాధ తప్పని నేను ఎట్ల అనను? ఆ పిల్లగాడు వందనకు వస్తున్నడు, వెనుక వరుసల కూసుంటున్నడు. పరీక్షలు ఏప్రిల్‌లో అయిపోతయి, అప్పుడు వస్తనని ఆ బిడ్డ చెప్పింది. తమ్ముడు మాత్రం రోజూ క్లాసుకు వస్తున్నడు.